గోల్‌పోస్టు వెనక ఒక సారు

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటి చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా సూర్యాపేట వైపు పోయేవాళ్లు రోడ్డు పక్కన ఏం చూస్తారో అందరికీ తెలుసు. టిఫిన్‌కి ఎక్కడ ఆగుదాం, టీ ఎక్కడ బాగుంటుంది, పెట్రోలు ఎక్కడ పోయిద్దాం. నా చూపు మాత్రం వీటి వెనక్కి పోతుంది. ధాబాల వెనక, టైర్ల షాపుల వెనక, ప్లాట్ల రాళ్లు పాతిన బీళ్ల వెనక ఎక్కడైనా రెండు నిలువు పైపులు, వాటి మీద ఒక అడ్డ పైపు కనిపిస్తాయేమోనని. కనిపిస్తే చాలు, బండి ఆపాల్సిందే. ఫుట్‌బాల్ గోల్‌పోస్టు అంటే నాకు అంత ఇష్టం.

ఇంగ్లండులో ఇలా మైదానాలు వెతుక్కుంటూ తిరగడం చాలామందికి పెద్ద వ్యాపకం. అక్కడి పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులు ఉంటాయి. ఆ 92 చోట్లా ఒక్కో మ్యాచ్ చూసి తీరాలని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు. కొందరు మోటార్‌హోమ్ వేసుకుని, పెద్ద క్లబ్బుల జోలికే పోకుండా, చిన్న చిన్న ఊళ్ల మైదానాలు చూసుకుంటూ పోతారు. వాళ్లకు ఫ్లడ్‌లైట్ స్తంభాలు గుర్తు. ఊరు ఇంకా కనపడకముందే స్తంభాలు కనిపిస్తాయి.

మన దగ్గర ఆనవాళ్లు వేరు. ముందు వాటర్ ట్యాంకు కోసం చూడాలి. ఊళ్లో ట్యాంకు చాలాసార్లు బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో ఉంటుంది, దాని పక్కన ఎంతో కొంత ఖాళీ జాగా ఉంటుంది. తర్వాత ప్రహరీ చూడాలి. ఇళ్ల వరుసలో గోడకు ప్రతి పదడుగులకూ ఒక గేటు వస్తుంది. మైదానం గోడ గేటు లేకుండా అలా సాగిపోతూనే ఉంటుంది. ఆ గోడ ఒకచోట కూలి, కూలినచోట ఇటుకలు కాళ్ల రాపిడికి నున్నబడ్డాయంటే లోపల ఆట బతికే ఉందన్నమాట. గోడ చెక్కుచెదరని మైదానాలకన్నా అలా దొంగదారి పడ్డ మైదానాల మీదే నాకు నమ్మకం ఎక్కువ. సాయంత్రం అయిదు దాటితే ఇవేవీ అక్కర్లేదు. ట్యాంకు కింద దుమ్ము లేస్తుంటే చాలు.

ఈ తిరుగుడుకి వీలు కల్పించింది మా తమ్ముడు, చిన్నాన్న కొడుకు. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, వెనక సీట్లన్నీ పీకించి, ఒక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, బ్యాటరీ మీద తిరిగే ఫ్యాను పెట్టించాడు. ఇద్దరం ఎన్ని రోజులైనా అందులో ఉండగలం. అలాంటి బండికి రాత్రి నిలుపుకోవడానికి చదునైన జాగా కావాలి, దగ్గర్లో కుళాయి కావాలి, నలుగురు మనుషుల అలికిడి కావాలి. ఈ మూడూ ఒక్కచోట దొరికేది గ్రౌండు దగ్గరే. వాచ్‌మన్‌నో హెడ్మాస్టర్‌నో అడిగితే కాదన్నవాళ్లు తక్కువ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య ఇలా రాత్రుళ్లు గ్రౌండ్ల పక్కన పడుకుని, తెల్లవారి లేచి ఆ గ్రౌండ్లనే చూస్తూ టీ తాగడం వల్ల నాకు ఒక సంగతి అర్థమైంది. అది చెప్పడానికే ఇదంతా.

సూర్యాపేటలో తెల్లవారుజామున మైదానంలో ఎవరెవరు ఉంటారో చూడండి. ముందు వాకింగ్ వాళ్లు వస్తారు, డాక్టరు భయపెట్టినవాళ్లు, రిటైరైనవాళ్లు. వాళ్లు అంచుల వెంబడి తిరుగుతారు. వాళ్లను దాటుకుంటూ కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు పరుగెత్తుతుంటారు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు. మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని తన టైము తానే చూసుకుంటూ, ఊపిరి అందక నడుం మీద చేతులు పెట్టుకుని వంగిన అమ్మాయిని చూస్తే ఆ నాలుగైదు నిమిషాల మీద ఒక ఇల్లు ఎంత ఆశ పెట్టుకుందో తెలుస్తుంది. ఎండెక్కేసరికి క్రికెట్టు. ఒకే మైదానంలో మూడు నాలుగు మ్యాచులు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. ఒక మ్యాచి లాంగాన్ ఇంకో మ్యాచి వికెట్ కీపర్ పక్కన నిలబడి ఉంటాడు. సాయంత్రం వాలీబాల్ నెట్టు లేస్తుంది. ఎక్కడో మూల మెత్తటి మట్టిలో కబడ్డీ కూత వినిపిస్తుంది.

కబడ్డీ అంటే ఈ ఊరికి ప్రాణం. 2021 మార్చి 22న జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలో మొదలైన సాయంత్రం, తాత్కాలికంగా వేసిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆ వార్త చదివినప్పుడు గుండె గుభేలుమంది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, అది ఇప్పటికీ పోలేదు. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లల ఆట చూడటానికి అంతమంది వచ్చి కూర్చున్నారు. ఈ ఊరికి ఆట అక్కర్లేదని ఎవరూ అనలేరు. అంత ఇష్టం ఉన్న ఊరికి కూర్చోవడానికి గట్టి మెట్లు ముందే ఉండాల్సింది.

మరి ఇన్ని ఆటలున్న ఈ దారిలో ఫుట్‌బాల్ ఎందుకింత అరుదు?

మన చిన్న ఊళ్లకు ఏ ఆట ఏ దారిన వచ్చిందో చూస్తే కొంత తెలుస్తుంది. క్రికెట్ టీవీలోంచి దిగింది. దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు, బౌలర్ చెయ్యి ఎలా తిప్పాలో నాలుగేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. స్థలం కూడా ఎంత ఉంటే అంతలో ఒదుగుతుంది, సందులోనైనా సరే. వాలీబాల్‌ను ఊరి యువకులు చందాలేసుకుని నెట్టు కొని తెచ్చుకున్నారు. రెండు గుంజలు పాతితే ఆటే. కబడ్డీ, ఖోఖో మన మట్టిలోనే ఉన్నాయి. ఫుట్‌బాల్ మాత్రం తనంతట తాను రాదు. రాత్రిపూట యూరప్ మ్యాచులు ఫోనులో చూసే కుర్రాళ్లు మన దగ్గర ఇప్పుడు చాలామందే ఉన్నారు, మెస్సీ, రొనాల్డో పేర్ల చొక్కాలు కోదాడ సంతలో కూడా దొరుకుతాయి. అయినా చూసినంత మాత్రాన ఆట రావడం లేదు. ఇరవై రెండు మంది కావాలి, పెద్ద జాగా కావాలి, అందరూ బంతి వెంట గుంపుగా పరుగెత్తకుండా నీ చోటు ఇది, నీ చోటు అది అని నిలబెట్టే మనిషి కావాలి. ఆ మనిషి విజిల్ వేసుకుని రోజూ సాయంత్రం రావాలి. అలాంటి మనిషి లేనిచోట ఫుట్‌బాల్ ఒక వారం ఆడి మానేస్తారు.

అందుకే హైవే పక్క గోల్‌పోస్టు కనిపిస్తే అక్కడ ఎప్పుడో ఒకప్పుడు ఒక సారు ఉన్నాడని అర్థం. డ్రిల్ సారనండి, పీటీ సారనండి, పీఈటీ అనండి. ఆ పైపులు ఊరికే మొలవవు. ఎవరో ఒకరు హెడ్మాస్టర్‌ను ఒప్పించి, సర్పంచ్ దగ్గర డబ్బు అడిగి, చాలకపోతే జేబులోంచి వేసి పాతించి ఉంటారు. నేను ఆగి విచారించిన చోటల్లా ఇదే కథ, ఒక్కచోట కూడా తప్పలేదు.

జాగా సంగతి కూడా చెప్పాలి. పూర్తి కొలతల ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఎకరా ముప్పై గుంటలు. 2022 జూన్‌లో రాష్ట్ర అవతరణ దినోత్సవాల నుంచి మొదలుపెట్టి ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. ఆ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఊరికి ఆట స్థలం ఉండాలని ప్రభుత్వమే బోర్డు పెట్టి చెప్పడం చిన్న విషయం కాదు. దారి పొడవునా ఆ బోర్డులు చూశాం. కొన్నిచోట్ల నెట్టు కట్టి, లాంగ్‌జంప్ గుంతలో ఇసుక పోసి, చుట్టూ మొక్కలు పెంచి ముచ్చటగా ఉన్నాయి. కొన్నిచోట్ల బోర్డు, దాని చుట్టూ తుమ్మలు. కాని చాలావాటి విస్తీర్ణం ఎకరానికి అటూ ఇటూ. అందులో వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు పడతాయి. ఫుట్‌బాల్ పట్టదు. కాబట్టి ఈ ఆటకు ఇప్పటికీ దిక్కు పాత హైస్కూళ్ల, పాత కాలేజీల మైదానాలే. భూమి రేటు గజాల్లో లెక్కగట్టని కాలంలో ఎవరో ఉదారంగా వదిలిన నేల అది. ఆ నేలలోంచే మూల మీద ఒక అదనపు తరగతి గది, ఇంకో మూల ఒక గోదాము, మధ్యలోంచి అడ్డదారి. చూస్తుండగానే కార్నర్ కిక్ కొట్టే చోటు ఉండదు.

సారుల గురించి మాట్లాడుతూ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తలవకపోతే తప్పు. ఈ దేశం చూసిన అతి గొప్ప ఫుట్‌బాల్ కోచ్ మన హైదరాబాద్ మనిషి, ముందు బడి పంతులు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, వ్యాయామ విద్యలో చదువు పూర్తిచేసి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిపించాడు. భారత జట్టు కోచ్‌గా 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఆ రోజుకే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అని హిందీలో సినిమా వచ్చాక కాని చాలామందికి ఆ పేరు తెలియలేదు.

ఆయన పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. కుర్రాళ్లకు అలవాటు లేని కాలితోనే బంతి కొట్టాలని నియమం పెట్టి పోటీలు నడిపేవాడట. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి. ఇది కోచ్ బుర్ర కాదు, బడి పంతులు బుర్ర. లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడిని లెక్కల బోర్డు దగ్గరికే పిలిచే పంతులు చేసే పని ఇది. ఆటలో గెలుపు తర్వాత, ముందు పిల్లాడిలో లోటు ఎక్కడుందో చూడాలి, దాన్ని నవ్వులపాలు చేయకుండా సరిచేయాలి. పాతికేళ్లు బడిలో పనిచేసిన ఏ పీఈటీని అడిగినా ఇదే చెబుతాడు.

అలాంటి పంతులు చేతిలోంచే సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ వచ్చాడు, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ వచ్చారు. ఆ తరం వేసిన దారిలో మహమ్మద్ హబీబ్ నడిచాడు. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ ఆ మ్యాచిని 2-2తో డ్రా చేసింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. బలరామ్, హబీబ్ ఇద్దరూ 2023లోనే వెళ్లిపోయారు. సూర్యాపేటకు హైదరాబాద్ ఎంత దూరం? పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు. కాని ఆ ఫుట్‌బాల్ ఆ రెండున్నర గంటల దారి దాటి జిల్లాల్లోకి రాలేదు. కంటోన్మెంటులో, పాతబస్తీలో, పోలీస్ లైన్లలో పుట్టి పెరిగి అక్కడే ఆగింది. నగరంలో గొప్ప జట్టు ఉండేది. జిల్లాల్లో రహీంలాంటి పంతుళ్లు బడికొకరు చొప్పున లేరు. తర్వాత 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. మూడేళ్లు తిరక్కుండానే యజమానులు మారారు, ఆ తర్వాత జట్టు ఢిల్లీకి తరలిపోయింది. సంస్థ తెచ్చిన ఆట సంస్థతో పాటే పోతుంది. సారు పాతిన పైపులు సారుకు బదిలీ అయినా అక్కడే ఉంటాయి.

కోదాడ గురించి పెద్దగా చెప్పలేను. బైపాస్ మీద పోయేవాళ్లకు కోదాడ దాదాపు కనపడదు, ఊళ్లోకి దిగాలి. దిగి ఒక సాయంత్రం పెద్ద చెరువు వైపు, కాలేజీ వైపు తిరిగాం. క్రికెట్టే క్రికెట్టు. రామాపురం దాటితే ఆంధ్ర, అటువైపు జగ్గయ్యపేట నుంచి కూడా కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద టోర్నమెంట్లకు వస్తారని చెప్పారు. రాష్ట్రాలు రెండైనా ఆట ఒకటిగానే ఉండటం సంతోషంగా అనిపించింది.

మిర్యాలగూడ వేరే కథ. ఆ ఊరి ముఖం మార్చింది సాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఆ మధ్య కాలంలో ఇంజినీర్లకు, సిబ్బందికి కాలువ వెంబడి క్యాంపులు కట్టారు. మిర్యాలగూడ ఎన్‌ఎస్‌పీ క్యాంపు అలాంటిదే. ఆ క్యాంపు గ్రౌండు ఇప్పుడు ఊరందరిదీ. ఎన్నికలొస్తే బహిరంగ సభ అక్కడే. మిర్యాలగూడ పేరు చెబితే రాష్ట్రంలో సగంమందికి ముందు రైస్‌మిల్లులు గుర్తొస్తాయి, రెండోది ఈ గ్రౌండులో జరిగిన ఏదో ఒక సభ.

మేం వెళ్లింది వానాకాలం వరి కోతలప్పుడు. మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. గాలి నిండా ఉప్పుడు బియ్యం వాసన. ఆ రోజుల్లో మా దారిలో చదునుగా ఉన్న ప్రతి జాగా కల్లమే. రోడ్డు సగం వడ్లు, బడి సగం వడ్లు. నాకేం కోపం రాలేదు. తడిసిన వడ్లను కొనుగోలు కేంద్రంలో వెనక్కి తిప్పి పంపితే ఆ రైతు ఇంట్లో ఏమవుతుందో ఎరిగినవాణ్ని. ఆట కోసం వదిలిన నేల ఊరిని అవసరంలో ఆదుకుంటోంది. దసరాకు జమ్మి, బతుకమ్మ, సర్కస్, ఎగ్జిబిషన్, హెలికాప్టర్ దిగడానికి సున్నంతో గీసిన గుండ్రం, అన్నిటికీ అదే నేల. అన్నీ అయిపోయాక మళ్లీ పిల్లలకు దక్కితే చాలు. గుంతలు పూడ్చకుండా, గుంజలు పీకకుండా, పగిలిన సీసాలు ఏరకుండా పోతేనే బాధ.

మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా సాగర్ వెళ్లి, డ్యాము దాటి అనుపు దాకా పోయాం. మైదానాల వెతుకులాటలో అనుపు చూడకుండా ఉంటే ఏదో లోటుగా ఉండేది. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి. దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకులు ఏలిన విజయపురి బయటపడింది. అందులో ఒక ఆటస్థలం ఉంది. నడుమ దీర్ఘచతురస్రంగా బరి, నాలుగు వైపులా మెట్లు మెట్లుగా గ్యాలరీ. కుస్తీలు పట్టారో, నాటకాలాడారో, రెండూనో. లోయ మొత్తం రిజర్వాయరులో మునిగిపోతుందని తెలిసి, ఎంచిన కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు. ఆ ఆటస్థలాన్ని కూడా. నేను ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. దేశం అప్పుడే లేచి నిలబడుతున్న కాలం, తిండిగింజలకు పైదేశాల వైపు చూస్తున్న కాలం. అప్పుడు కూడా జనం కూర్చుని ఆట చూసిన చోటు నీళ్లపాలు కాకూడదని అనుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఆ డ్యాము నీళ్లతోనే పండే ఊళ్లలో ఇవాళ్టి పిల్లల బరిని కాపాడటం అంతకన్నా కష్టమేమీ కాదు.

అక్కడి నుంచి వెనక్కి మళ్లి మిర్యాలగూడ మీదుగా కోదాడ వైపు వస్తుంటే, నేరేడుచర్లకూ హుజూర్‌నగర్‌కూ మధ్య తమ్ముడు బండి స్లో చేసి, “అన్నా, కుడి దిక్కు” అన్నాడు. జిల్లా పరిషత్ హైస్కూలు. గేటు తీసే ఉంది. మైదానం సగం వడ్లు, సగం పిల్లలు. అటు చివర ఇటు చివర తెల్ల రంగేసిన గోల్‌పోస్టులు, నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా.

దగ్గరికి వెళ్లి చూస్తే అవి బోరుబావికి వాడే ఇనుప పైపులు. అతుకుల దగ్గర వెల్డింగ్ నున్నగా రుద్ది ఉంది, పిల్లల చేతులు గీరుకోకుండా. అడుగున సిమెంటు దిమ్మె, దాని చుట్టూ పాత సైకిల్ టైరు చుట్టారు, గోలీ దూకితే తల తగలకుండా. వల మాత్రం నైలాన్ చేపల వల. మట్టపల్లి దిక్కు కృష్ణలో చేపలు పట్టేవాళ్ల దగ్గర చిరిగినవి తెచ్చి కుట్టుకుంటారట. పిల్లలను ఆడిస్తున్నది ఒక పాతికేళ్ల కుర్రాడు. ఆ బడిలోనే చదివాడు, ఇప్పుడు వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. సాయంత్రం షట్టర్ దించి వస్తాడు.

“ఇవి ఎవరు పెట్టించారు తమ్ముడూ?”

“మా పీఈటీ సార్ సార్. పైపులు ఆయనే కొన్నడు, వెల్డింగ్ మా నాయిన చేసిండు. అడ్డం ఇరవై నాలుగడుగులు, ఎత్తు ఎనిమిదడుగులు. జరంత తక్కువొస్తే మళ్ల కోయించిండు. మా నాయినకు కోపమొచ్చింది. కొలత తప్పితే పిల్లల కన్ను తప్పుతది, రేపు జోనల్‌కు పోయినంక గోల్ పెద్దగ కనపడి బెదురుతరు అన్నడు.”

“ఆ సారు ఎక్కడున్నారిప్పుడు?”

“ట్రాన్స్‌ఫరయిండు. దేవరకొండ దిక్కు. ఫోన్ చేస్తడు ఆదివారం ఆదివారం. పోస్టులకు రంగేసిన్రా అని అడుగుతడు ముందు, మేం ఎట్లున్నమని తర్వాత.”

“ఆయన బదులు ఎవరొచ్చారు?”

“ఎవ్వరు రాలె సార్.”

మేం మాట్లాడుతుండగా ఒక రైతు టార్పాలిన్ తాడు తెచ్చి గోల్‌పోస్టుకు కట్టబోయాడు. కుర్రాడు పరుగున వెళ్లాడు, గొడవపడలేదు. “పెద్దనాయినా, గాలొస్తే పైపు గుంజుకుపోతది, నేను మేకు కొట్టిస్త ఉండు” అని, బడి వెనక నుంచి ఒక ఇనుప రాడ్డు తెచ్చి నేలలో దిగ్గొట్టి, తాడు తనే బిగించి ఇచ్చాడు. వడ్లు నెరుపుతున్న ఒక ముసలమ్మ ఇదంతా చూస్తూ కాళ్లతో సాళ్లు తీసుకుంటూ పోతోంది. బంతి వడ్లలో పడినప్పుడల్లా ఆట ఆగుతుంది. పిల్లలెవ్వరూ వడ్ల మీద కాలు పెట్టరు, అది వాళ్లు పెట్టుకున్న నియమం. అంచున నిలబడి “అవ్వా, బంతి” అంటారు. ఆమె వంగి తీసి, రెండు చేతులతో విసిరేస్తుంది. గింజలు రాలకుండా బంతిని ముందు ఒకసారి చీర చెంగుతో తుడుస్తుంది. ఆమె విసిరిన బంతి ఎవరి దగ్గర పడితే వాళ్లది. ఆ త్రో-ఇన్‌కు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఆడేవాళ్లలో అమ్మాయిలు ఎక్కువ, దగ్గర తండా నుంచి వచ్చేవాళ్లు కొందరు. గుగులోత్ సౌమ్య పేరు వాళ్లందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా లంబాడీ తండా అమ్మాయి, భారత జట్టుకు ఆడుతుంది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు కూడా ఆడింది. ఒక పిల్ల తన చొక్కా వెనక స్కెచ్ పెన్నుతో సౌమ్య అని రాసుకుంది. ఉతికితే పోతుంది, మళ్లీ రాసుకుంటుంది. సౌమ్య ఆట కూడా నిజామాబాద్‌లో ఒక కోచ్ దగ్గరే మొదలైంది. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు స్పోర్ట్స్ విలేజ్ కట్టి ఊళ్ల పిల్లలకు ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ నేర్పించారు. అక్కడ ఆట నిలబడిందంటే రోజూ విజిల్ వేసుకుని మైదానంలోకి వచ్చే మనుషులను పెట్టుకున్నారు కాబట్టి. నల్లగొండ, సూర్యాపేట పిల్లల కాళ్లలో బలం తక్కువేం కాదు. తెల్లారి 800 మీటర్లు పరుగెత్తే అమ్మాయిలను చూశాను కదా.

2024లో మన రాష్ట్రంలో టీచర్ల భర్తీకి డీఎస్సీ పడింది. మొత్తం 11,062 పోస్టులు, వాటిలో పీఈటీలు 182. రాష్ట్రంలోని మండలాలకు పంచినా మండలానికొకరు రారు. లెక్కల సారు లేకపోతే తల్లిదండ్రులు బడికొచ్చి అడుగుతారు. పీఈటీ లేకపోతే ఆ పీరియడ్‌లో కూడా లెక్కలే చెబుతారు, ఎవరూ అడగరు. అడగాలని నా మాట. పేరెంట్స్ మీటింగులో, గ్రామసభలో, ఎమ్మెల్యే వచ్చినప్పుడు గట్టిగా అడగాలి.

చీకటి పడ్డాక ఆ కుర్రాడు మా బండి దగ్గరికి వచ్చాడు. తమ్ముడు పొయ్యి మీద ఉప్మా చేస్తే ముగ్గురం తిన్నాం. వడ్లు ఇంకో పది రోజుల్లో ఎత్తేస్తారని, సంక్రాంతి సెలవుల్లో చుట్టుపక్కల బడులతో చిన్న టోర్నమెంటు పెడతానని చెప్పాడు. మీకేమైనా కావాలా, హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు తెస్తాం అన్నాను. చాలాసేపు ఆలోచించి రెండు చెప్పాడు. బంతికి గాలి కొట్టే సూదులు నాలుగు, ఇక్కడ దొరికేవి ఊరికే విరుగుతున్నాయి. రెండోది, “మీరు రాస్తరంట కద సార్, మా బడికి ఒక పీఈటీ సారును ఇయ్యమని పేపర్ల రాయున్రి” అన్నాడు.

సూదులు కొని పంపాను. రెండోది ఇదిగో, రాశాను.